ములుకును వదలని చెయ్యి

గీత మీద కాలు ఆనించి తల ఎత్తిన సారంగుడికి ఒక పలక ఉండవలసిన చోట ఏడు పలకలు కనిపించాయి.

ఏడూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఏడింటి మీదా అవే ఇరవై ఇళ్ళు, అవే ఎర్ర పట్టీలు, నడుమ అదే పసుపు పూసిన బొడ్డు. వాటిలో ఆరు మాయ. ఆ ఆరింటిలో దేనికి గురిపెట్టినా చేత్తో విసిరిన ములుకు గాలిలోంచి దూసుకుపోయి వెనక రాతిగోడకు తగులుతుంది. చుట్టూ కూర్చున్న పదివేల మందికి మాత్రం పలక ఒక్కటే కనబడుతోంది. వాళ్ళకు తెలిసిందల్లా, ఉప్పుబళ్ళు తోలుకునే బొల్లయ్య అనే పల్లెటూరివాడు ఏదో అదృష్టం కొద్దీ చివరి ఆట దాకా వచ్చి, తీరా గీత మీద నిలబడి దిక్కులు చూస్తున్నాడని.

"ఏరా ఉప్పోడా! పలక ఎక్కడుందో చూపించమంటావా?" అని అరిచాడు ఎవడో.

"పలక తీసేసి ఎద్దును నిలబెట్టండ్రా, అప్పుడు కుదురుతుంది వీడి గురి!" అన్నాడు ఇంకొకడు.

రంగశాల ఘొల్లుమంది. గణకుడు ఇసుక గడియారం తిరగేశాడు. ఇసుక జారిపోయేలోగా మూడు ములుకులూ వెయ్యకపోతే ఆ వంతు పోయినట్టే.

శోణపుర రంగశాల ధ్వజోత్సవం నాడు కన్నులపండువగా ఉంటుంది. పగడపు రంగు స్తంభాల మీద నెమలిపింఛాల పందిరి. పందిరి అంచుల వెంట వెయ్యిన్నొక్క వెండి గంటలు. తూర్పున దంతపు మెట్ల పైన మహారాజు కుంభధ్వజుడి సింహాసనం, దానికి చెరోవైపు నోరు తెరిచిన కంచు మొసళ్ళు, ఆ నోళ్ళలోంచి తెరలు తెరలుగా గంధపు పొగ. దిగువన ఎర్ర ఇసుక పరిచిన బరి. బరి చుట్టూ నల్లరాతి గోడ. ఆ గోడలో పన్నెండు ఇనుప తలుపులు, వాటి వెనక చెరసాల. సింహాసనం పక్కనే పులితోలు మీద కూర్చుని ఉన్నాడు రాజగురువు వృకనాథుడు. నల్లని చేతికర్ర, దాని కొసన కొబ్బరికాయంత స్ఫటికపు గుండు. ఆ గుండును వేళ్ళతో నిమురుతూ పెదవులు కదుపుతున్నాడు. ఏడు పలకలూ ఆ పెదవుల మధ్యనుంచి పుట్టినవే.

సారంగుడు పెదవులవైపు చూడలేదు. పలకల కింద నేల చూశాడు.

ములుకులాట పలకను బూరుగు దుంగలోంచి కోస్తారు. వంతు వంతుకూ దాన్ని నీళ్ళతో తడుపుతారు. తడిస్తే చెక్క ఉబ్బి, పాత గుంటలు పూడుకుపోతాయి. ఆ సంగతి పలకను మోసి తడిపినవాడికి తెలుస్తుంది గాని మంత్రాలు చదివేవాడికి పట్టదు. ఎడమనుంచి అయిదో పలక కింద ఒక్కచోటే ఇసుక నల్లబడి ఉంది. టపు టపుమని బొట్లు రాలుతున్నాయి.

సారంగుడి ఎడమచెయ్యి మూడుసార్లు కదిలింది. ఠక్. ఠక్. ఠక్. మొదటి ములుకు ఇరవై అంకె వేసిన ఇంట్లో సన్నని మూడింతల పట్టీ మీద దిగింది. తక్కిన రెండూ అదే ఇంట్లో పట్టీకి ఇవతల దిగాయి. అరవై, ఇరవై, ఇరవై.

నవ్వు ఆగిపోయింది. వృకనాథుడి పెదవులూ ఆగిపోయాయి. ఆరు పలకలు ఆవిరిలా లేచి గంధపు పొగలో కలిసిపోయాయి.

ఈ ఆటలో లెక్క పైకి పోదు, కిందికి దిగుతుంది. ఇద్దరూ అయిదువందల దగ్గర మొదలుపెట్టి, కొట్టినంత తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. చివరి ములుకు యాభై విలువ చేసే బొడ్డులోనే దిగాలి. ఒక్కటి ఎక్కువైనా ఆ వంతు చెల్లదు.

సారంగుడు ఈ బరిలోకి రావడం ఇది మొదటిసారి కాదు. కొలిమి పక్కన పాత తలుపు మీద బొగ్గుతో ఇళ్ళు గీసుకుని విసరడం నేర్చినవాడు, ఇరవయ్యో ఏట శోణపుర విజేత అయ్యాడు. వరసగా మూడేళ్ళు గెలిచాడు. ఏనుగు మీద ఊరేగించారు. బజారులో ఒక మిఠాయికి అతని పేరు పెట్టారు. నాలుగో ఏట, చివరి ఆటలో, బొడ్డు ఒక్కటే మిగిలి ఉండగా చెయ్యి ముందుకు వెళ్ళింది గాని వేళ్ళు విడవలేదు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ విడవలేదు. ములుకు వేళ్ళ మధ్యే ఉండిపోయింది. ఆటగాళ్ళు ఆ జబ్బుకు పేరు పెట్టరు. "అది" అంటారు, అదీ గొంతు తగ్గించి. అది వచ్చినవాడు మళ్ళీ ఆడినట్టు ఎవరూ వినలేదు.

కరవీరుడు అనేవాడు ఆ ఏడు గెలిచాడు. జనం సారంగుడి మీద చెప్పులు విసిరారు. "ఏమైంది నీకు?" అని రాజు అడిగినప్పుడు, సిగ్గుతో కాలిపోతున్న సారంగుడు ఒకే ఒక్క మాట అన్నాడు:

"ములుకులో ఏదో ఉంది మహారాజా."

ఆ ములుకు చేసినవాడు అతని సొంత అన్న, కమ్మరి శతాంగుడు. వృకనాథుడికి ఆ ఒక్క మాట చాలింది. చేతబడి చేశాడని శతాంగుణ్ణి ఏడో తలుపు వెనక్కి తోశారు. ఆ నేరానికి అయిదేళ్ళ చెర, ఆపైన ఏనుగు కాలు. సారంగుణ్ణి ఆటనుంచి వెలివేశారు. ఆట శాసనం ప్రకారం, మళ్ళీ బరిలో కాలు పెడితే విసిరే చేతి బొటనవేలు నరుకుతామని డప్పు కొట్టించారు. మిఠాయి పేరు కూడా మారిపోయింది.

తన కుడిచేతిని కట్టేసింది వృకనాథుడి మంత్రమేనని కనబడినవాడికల్లా చెప్పుకుంటూ, అయిదేళ్ళూ సారంగుడు ఎడమచేత్తో మొదటినుంచి నేర్చుకున్నాడు. సంతల్లో, కోడిపందేల దడి పక్కన, గుప్పెడు జొన్నల కోసం ఆడాడు. గాజులమ్ముకునే ముసలమ్మ చేతిలో ఓడాడు. ఓడిన చోట మళ్ళీ ఆడాడు. ఈ ఉదయంతో శతాంగుడి అయిదేళ్ళూ నిండాయి. రేపు తెల్లవారితే ఏనుగు. ధ్వజోత్సవంలో గెలిచినవాడికి మాత్రం ఈ రాజ్యంలో ఒక హక్కుంది. పన్నెండు తలుపుల్లో ఒకదాన్ని తెరిపించవచ్చు. అందుకే గడ్డం పెంచి, కరక్కాయ రసంతో ఒళ్ళు నల్లగా చేసుకుని బొల్లయ్యనన్నాడు. ఆటగాడి మొహం మరిచిపోయేవాళ్ళు కూడా విసురు మరిచిపోరు కనక కుడిచెయ్యి ఎత్తనే లేదు. వంతు వంతుకూ నేల మీద గులకరాళ్ళు పేర్చుకుని లెక్క చూసుకునే మొద్దులా నటించాడు. ఆరుగురిని ఓడించాడు. మిగిలింది కరవీరుడు ఒక్కడే.

ములుకులు లాక్కోవడానికి సారంగుడు పలక దగ్గరికి నడిచాడు. పలక వేలాడుతున్నది ఏడో తలుపు పక్కనే.

"అది ములుకా, గోతాలు కుట్టే సూదా?" అంది కటకటాల వెనకనుంచి ఒక బొంగురు గొంతు.

సారంగుడు తల తిప్పలేదు.

"తోకలో ఈక వంకర. మొన బండ. ఇలాంటి దాంతో అరవై కొట్టావంటే నువ్వు ఉప్పోడివి కాదు. మెలితిప్పకుండా ములుకు లాగేవాడు ఈ దేశంలో ఒక్కడే ఉండేవాడు. చెక్క పాడవుతుందిరా అని వెయ్యిసార్లు తిట్టాను. ఏం, అయిదేళ్ళకు దారి కనబడిందా?"

"అన్నా, మెల్లిగా."

"నన్ను అన్నా అని పిలవకు."

"ఈ ఆట గెలిస్తే నీ తలుపు తెరుచుకుంటుంది."

"నువ్వు గెలుస్తావని నమ్మి ఒకసారి మూడు రాత్రులు కొలిమి ఊదాను. ఫలితం అనుభవిస్తున్నాను. నీకంటే ఏనుగు నయం. తొక్కితే ఒక్కసారే తొక్కుతుంది."

వెనకనుంచి కరవీరుడి అడుగులు వినిపించాయి. సారంగుడు ములుకులు తీసుకుని పక్కకు తప్పుకున్నాడు.

కరవీరుడు తెల్లపట్టు నడికట్టు సవరించుకుని, గీత మీద కొంగలా నిలబడి, మూడు ములుకులూ తొందర లేకుండా వేశాడు. గణకుడు శంఖం ఊది చదివాడు: "కరవీరుడికి మిగిలింది యాభై!"

అంటే బొడ్డు ఒక్కటి. తన తరవాతి వంతులో కరవీరుడు దాన్ని వదలడు. సారంగుడికి ఉన్నది ఈ ఒక్క వంతే.

"ఉప్పు తూచుకోక నీకెందుకయ్యా ఇవన్నీ," అంటూ కరవీరుడు అతని భుజాన్ని రాసుకుంటూ వెళ్ళాడు. "ఓడాక నా పల్లకీ మోద్దువుగాని, రా."

ఆ వేళకు వృకనాథుడు సింహాసనం పక్కన లేడు. గణకుడి చెవి దగ్గర ఉన్నాడు. గణకుడి మొహం పాలిపోయింది. అతను గొంతెత్తాడు.

"బొల్లయ్యకు మిగిలింది నూట ఏడు!"

"నూటపది," అన్నాడు సారంగుడు. "ఇరవై మూడింతలు, బొడ్డు."

ఆటగాణ్ణి నిద్రలో లేపి అడిగినా మిగిలిన లెక్క చెబుతాడు, అది సున్నాకు దిగే దారి కూడా చెబుతాడు. తప్పు లెక్క వింటే వాడికి చెవిలో చీమ దూరినట్టుంటుంది. దులుపుకోకుండా ఉండలేడు. గులకరాళ్ళ బొల్లయ్య ఆ తప్పుకు బుర్ర గోక్కుని ఊరుకోవాలి. ఆరు ఆటలుగా అలాగే గోక్కున్నాడు. ఏడో ఆటలో మరిచిపోయాడు.

"రాళ్ళు ఏవి బొల్లయ్యా?" అన్నాడు వృకనాథుడు తియ్యగా. "రాళ్ళు పేర్చకుండానే చెప్పేశావే. దారి కూడా చెప్పావు. ఉప్పు బస్తాల మీద నేర్పారా?"

భటులు నలుగురు మీద పడ్డారు. కరవీరుడు పరుగున వచ్చి సారంగుడి కుడిచెయ్యి లాగి, బొటనవేలు వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఈ కాయ ఉప్పు మోస్తే కాసేది కాదు మహారాజా! ఇది ములుకు కాయ. సారంగుడు వీడు!"

మొదటి చెప్పు వచ్చి సారంగుడి చెవికి తగిలింది. ఆ వెంటే వాన. "దొంగ! వెలివేసినోడు! నరకండి వేలు!" పై వరసల్లో ఎవడో "ములుకులో ఏదో ఉంది!" అని పాటలా ఎత్తుకున్నాడు. పదివేల గొంతులు అందుకున్నాయి. "ములుకులో ఏదో ఉంది! ములుకులో ఏదో ఉంది!"

కుంభధ్వజుడు చెయ్యి ఎత్తాడు. అరుపులు తగ్గాయి.

"వేలు నరికి బయటికి ఈడ్చండి."

"ఆట అయ్యాక!" అని అరిచాడు సారంగుడు భటుల చేతుల్లో పెనుగులాడుతూ. "ఒకసారి మొదలైన ఆటలో లెక్క సున్నాకు చేరేదాకా పలక దించరాదు. మీ తాతగారు ఈ గోడ మీదే చెక్కించారు మహారాజా. దించితే పలక దించినవాడు ధ్వజం దించినట్టే అన్నారు."

రాజు గోడవైపు చూశాడు. అక్షరాలు గజమెత్తున ఉన్నాయి. చూడలేదనడానికి వీల్లేదు.

"మా తాతకు ఆటలంటే పిచ్చి," అన్నాడు చిరాగ్గా. "మాకు లేదు. కాని చెక్కించాడు."

"ఆడనివ్వండి ప్రభూ," అన్నాడు వృకనాథుడు నవ్వుతూ. "ఆడేది బొల్లయ్య అయితే ఎడమచెయ్యి. బొల్లయ్య లేడని తేలింది కదా. సారంగుడు ఆడాలంటే సారంగుడి చేత్తోనే ఆడాలి."

రాజు మొహం విప్పారింది. "కుడిచేత్తో వెయ్యి."

భటులు సారంగుణ్ణి గీత మీదికి తోశారు. గణకుడు మూడు ములుకులు తెచ్చి అందించాడు. వెనకే వచ్చిన వృకనాథుడు సారంగుడి చెవి దగ్గర వంగాడు. ఊపిరిలో వెల్లుల్లి వాసన.

"ఒక మాట చెప్పనా? ఆనాడు నీ చెయ్యి కట్టేశానని ఊరూరా చెప్పుకున్నావట. నేను ఏ మంత్రమూ వెయ్యలేదురా. ఆ రోజు నాకు కడుపునొప్పి, కోటలో పడుకుని ఉన్నాను. నీ చేతిని ఎవడూ కట్టలేదు."

ఇసుక గడియారం తిరగబడింది.

సారంగుడు కుడిచెయ్యి ఎత్తాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తమ చోటు తాము వెతుక్కున్నాయి. అయిదేళ్ళయినా మరిచిపోలేదు. ఇరవై ఇంటి మూడింతల పట్టీ సూటిగా కనబడుతోంది. విసిరాడు.

వేళ్ళు విడవలేదు.

మళ్ళీ విసిరాడు. చెయ్యి కొసదాకా వెళ్ళి, బిగుసుకుని, ములుకుతో సహా వెనక్కి వచ్చింది. జనం చేతులు చరుస్తూ లెక్కపెట్టసాగారు. "ఒకటి! రెండు! మూడు!" నాలుగోసారి ఒళ్ళంతా కూడదీసుకుని విదిలించాడు. ములుకు జారి అతని కాలి పక్కనే ఇసుకలో పడింది.

"ఒకటి పోయింది!" అన్నాడు గణకుడు.

రంగశాల పొర్లి పొర్లి నవ్వింది. కరవీరుడు ములుకు చేతబట్టి అప్పుడే తన వంతుకు లేచి నిలబడ్డాడు. ఇసుక సగం జారింది. నూటపదికి రెండు ములుకులు కావాలి. చేతిలో ఉన్నవి రెండే.

"ఏం తమ్ముడూ!" ఏడో తలుపు వెనక కటకటాలు గలగలలాడాయి. శతాంగుడు రెండు చేతులతో వాటిని పట్టుకుని ఊపుతున్నాడు. "ఈ ములుకులో కూడా ఏదో ఉందా? ఇది నేను చెయ్యలేదే! ఈసారి ఎవడి మీద పెడతావు?"

సారంగుడి మూడు వేళ్ళూ మళ్ళీ ములుకును పట్టుకున్నాయి, బిగుసుకున్నాయి.

"ఎందుకురా అంత పట్టుకోవడం? పట్టుకునేవాడివా నువ్వు? నన్ను ఇక్కడ వదిలెయ్యలేదూ? ఒక్క మాటతో, అలా చెయ్యి దులిపేసుకుని? అలాగే వదలరా దాన్ని కూడా!"

ఆ మాట సారంగుడికి చెంపదెబ్బలా తగిలింది. తగిలిన చోట ఒక దారి కనబడింది. విడవలేని వేళ్ళకు పట్టుకునే పని ఎందుకు చెప్పాలి?

మూడు వేళ్ళూ చాపేశాడు. అరచెయ్యి పైకి తిప్పి, ములుకును వేళ్ళ మీద అడ్డంగా కాకుండా నిలువుగా, పడుకోబెట్టినట్టు ఉంచాడు. బొటనవేలు ఊరికే దాని మీద ఆనింది. అలా విసిరేవాణ్ణి ఏ బరిలోనూ ఎవరూ చూడలేదు. కరవీరుడు పకపకా నవ్వాడు. సారంగుడు చెయ్యి విదిల్చాడు. పట్టు లేదు గనక విడవవలసిందీ లేదు. ములుకు దానంతటదే వెళ్ళిపోయింది.

ఠక్.

ఇరవై ఇల్లు, మూడింతల పట్టీ.

"మిగిలింది యాభై," అన్నాడు గణకుడు. అతను నూట ఏడు మాట మళ్ళీ ఎత్తలేదు.

కరవీరుడి నవ్వు నోట్లోనే ఉండిపోయింది. వృకనాథుడు స్ఫటికపు కర్రను గిర్రున తిప్పాడు. బరిలో ఎర్ర ఇసుక సుడులు తిరుగుతూ లేచింది. గుప్పెడు గుప్పెడుగా లేచి, గోడలా నిలబడి, పలకను మింగేసింది. ఇప్పుడు కళ్ళ ముందు ఎర్రటి ధూళి తప్ప ఏమీ లేదు. గడియారంలో చిటికెడు ఇసుక మిగిలింది.

పలకను దాచిపెట్టగలడు గాని జరపలేడు. గీతనుంచి పలకకు తొమ్మిది అడుగులు, నేలనుంచి బొడ్డుకు ఆరడుగులు. ఆ కొలతలు సారంగుడి భుజంలో ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు చాచాడు. చెయ్యి విదిల్చాడు.

ధూళి లోపల ఎక్కడో ఠక్ మంది.

"తగిలింది గోడకు!" అన్నాడు వృకనాథుడు. "గణకా, చూసి చెప్పు. గోడకే."

గణకుడు ధూళిలోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. సుడి తగ్గి ఇసుక నేలకు రాలేసరికి పలక ముందు నిలబడి ఉన్నాడు. పసుపు బొడ్డు మధ్యలో ములుకు, దాని వంకర ఈక ఇంకా ఆడుతోంది.

"బొడ్డు," అన్నాడు గణకుడు. "సున్నా. రాజగురువుగారు చెప్పమంటే ఒకసారి తప్పు చదివాను మహారాజా. రెండోసారి చదవను. కావాలంటే నా నాలుక కొయ్యండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పదివేలమందీ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. సారంగుడు అలవాటు చొప్పున పలక దగ్గరికి నడిచి, రెండు ములుకులూ లాక్కుని, మొలలో దోపుకున్నాడు. తరవాత చెయ్యి చాచి చూపించాడు.

"ఏడో తలుపు."

కుంభధ్వజుడు గోడ మీది అక్షరాలవైపు ఒకసారి చూసి తల ఊపాడు. తాళం తుప్పు రాల్చుకుంటూ ఊడింది. నడుము దాకా గడ్డం, చీలమండకు తెగిన గొలుసు ముక్క, వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ శతాంగుడు బయటికి వచ్చాడు. తమ్ముడివైపు చూసి ఉమ్మేశాడు.

"ఆట శాసనం మీ అన్నను విడిపించింది," అన్నాడు రాజు. "అదే శాసనం నీ బొటనవేలు అడుగుతోంది. రెండూ మా తాత చెక్కించినవే. ఒకటి కావాలి, ఒకటి వద్దంటే కుదరదు."

నలుగురు భటులు మొద్దు తెచ్చి వేశారు. సారంగుడు కుడిచెయ్యి దాని మీద పెట్టాడు. వృకనాథుడు కర్రను చంకలో ఇరికించుకుని, తలారిని పక్కకు తోసి, ఉలీ సుత్తీ తనే అందుకుని శతాంగుడి ముందుకు చాచాడు.

"కమ్మరివి కదా, చెయ్యి తిరిగి ఉంటుంది. నిన్ను చెరలో వేయించింది వీడి నోరు. నోరు కోసే శాసనం లేదు. వేలితో సరిపెట్టుకో."

శతాంగుడు ఉలి మొన వేలితో తడివి చూశాడు. సుత్తి బరువు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తమ్ముడి బొటనవేలు మొద్దు మీద సరిగ్గా పరిచాడు. ఉలి ఆనించాడు.

"కదలకు."

"కొట్టు అన్నా."

"అన్నా అనవద్దన్నానా." శతాంగుడు సుత్తి ఎత్తాడు. ఎత్తినవాడు తల తిప్పి వృకనాథుడి వైపు చూశాడు. "రాజగురువుగారూ, వీడు వట్టి వెధవ. దాంట్లో సందేహం లేదు. కాని ఈ వేలి కొలతకు ములుకు కుదర్చడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇంకొకడి పని అయితే నరికేవాణ్ణి. నా పని నేను పాడుచేసుకోను."

సుత్తి మొద్దు మీదికి దిగలేదు. పక్కకు తిరిగి స్ఫటికపు గుండు మీద దిగింది.

పిడుగు పడ్డట్టయింది. గుండు వెయ్యి ముక్కలై, ఇన్నేళ్ళుగా వృకనాథుడు అందులో దాచుకున్న మాయలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. బరినిండా పలకలు మొలిచాయి. పందిరి మీద పింఛాలన్నీ నెమళ్ళై కేకలు వేస్తూ జనం మీద పడ్డాయి. కంచు మొసళ్ళు మెట్లు దిగసాగాయి. మహారాజు కిరీటం వదిలేసి సింహాసనం ఎక్కి నిలబడ్డాడు. వృకనాథుడు విరిగిన కర్రతో నేలను బాదుతూ, "పట్టండి! చంపండి!" అని అరుస్తున్నాడు. భటులు ఒకరినొకరు పట్టుకుంటున్నారు.

శతాంగుడు తమ్ముడి మెడ పట్టుకుని లేవదీశాడు. "నడు!"

"ద్వారం అటు!"

"అటు రెండువందల బల్లేలున్నాయి. నాకు తెలిసిన తలుపు ఒక్కటే."

ఇద్దరూ ఏడో తలుపువైపు పరుగెత్తారు. మాయపలకల మధ్యనుంచి, నెమళ్ళ మధ్యనుంచి పరుగెత్తారు. ఆ గందరగోళంలో ఒక్క మనిషి మాత్రం కదలకుండా నిలబడి గురి చూస్తున్నాడు. కరవీరుడి ములుకు ముప్పై అడుగుల దూరంనుంచి వచ్చి సారంగుడి ఎడమభుజంలో పిడిదాకా దిగింది. ఎడమచెయ్యి కట్టెలా వేలాడిపోయింది.

శతాంగుడు అతన్ని లోపలికి విసిరి తలుపు మూశాడు. లోపల గడియ లేదు. ఉలిని రెండు కొండీల్లోకి దూర్చి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి వంచాడు. బయట బల్లేలు తలుపును పొడుస్తున్నాయి.

"ఎంతసేపు ఆగుతుంది?"

"నేను వంచిన ఇనుము. సాయంత్రం దాకా ఆగుతుంది. లే."

గది వెనక గోడలో, గడ్డి పక్క కింద, మనిషి దూరేంత కన్నం ఉంది. అయిదేళ్ళు గొలుసు ముక్కతో తవ్విన కన్నం. దాని అవతల ఒకప్పుడు బరిలోకి మృగాలను తోలిన సొరంగం. వంగి, పాకి, జారి ఇద్దరూ అందులోకి దిగారు. చీకటి. రాతి గోడల వెంట చెమ్మ. దూరాన ఎక్కడో నీళ్ళ చప్పుడు.

"ఇంత దారి పెట్టుకుని పారిపోలేదేం?" అన్నాడు సారంగుడు రొప్పుతూ.

"నీళ్ళకు ముందు ఇంకొకటి ఉంది. రోజూ వృకనాథుడు దానికి రెండు మేకలు దింపిస్తాడు. మేకల అరుపు విన్నాను గాని దాన్ని చూడలేదు. ఇవాళ ఉత్సవం కదా. మేకలు దింపలేదు."

మలుపు తిరిగారు. ఎదుట చీకట్లో ఏదో బరువుగా కదిలింది. కుళ్ళిన మాంసం వాసన వేడిగాలిలా మొహాలకు కొట్టింది. నేలనుంచి రెండు నిలువుల ఎత్తున ఒక పచ్చని కన్ను తెరుచుకుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ రెంటి పైన, నుదుటి మీద, మూడోది.

వెనక్కి పోవడానికి తలుపు లేదు. సొరంగం వెడల్పు మూడు మూరలు. ఆ మృగం దాన్ని నింపేసి ఉంది.

"ములుకులెన్ని?" అన్నాడు శతాంగుడు గుసగుసగా.

"రెండు."

"కళ్ళు మూడు."

శతాంగుడు చీకట్లో తడుముకుంటూ తమ్ముడి ఎడమభుజం పట్టుకున్నాడు. కరవీరుడి ములుకు పిడి అతని వేళ్ళకు తగిలింది. మెలితిప్పి లాగాడు. సారంగుడు పళ్ళు బిగించి కేకను మింగాడు. శతాంగుడు ములుకు మొనను తన గడ్డానికి తుడిచి, దాన్ని తమ్ముడి అరచేతిలో పడుకోబెట్టాడు.

"మూడు," అన్నాడు. "కుడిచేత్తో వెయ్యి."